విహారానికీ వలసకూ మధ్య: కుర్ట్ ష్విట్టర్స్ కుటుంబ ఫోటోలు

జర్మన్ చిత్రకారుడు కుర్ట్ ష్విట్టర్స్ నార్వేకు రెండు విధాలుగా వెళ్లాడు. 1929లో భార్య హెల్మాతో ఓడ ప్రయాణంలో మొదటిసారి ఆ తీరాన్ని చూశాడు. ఆ దేశం నచ్చి, తర్వాతి వేసవులు ఎక్కువగా అక్కడే గడిపాడు. 1937 జనవరి 2న మాత్రం నాజీల చేతికి చిక్కకుండా ఉండటానికి వెళ్లాడు. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ జర్మనీలో అడుగు పెట్టలేదు. కుటుంబ ఫోటోలకు ఈ రెండు ప్రయాణాల మధ్య తేడా తెలియదు. ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయ) ఒడ్డున 1934లో తీసినా, 1938లో తీసినా అవే కొండలు, అదే నీళ్లు, ఎండకు ముఖం ఎత్తిన అవే మనుషులు. ఒక ఫోటోలోని మనిషి వేసవి అయిపోగానే ఇంటికి తిరిగి వెళ్తాడు. రెండో ఫోటోలోని మనిషికి ఇల్లు ఉంది, వెళ్లే దారి లేదు.

దేశం విడిచిన కళాకారుల వ్యక్తిగత ఫోటోలు ఇప్పుడు ఎన్నో మ్యూజియంలలో, ఆర్కైవ్‌లలో ఉన్నాయి. వాటిని ప్రదర్శించేటప్పుడో, పుస్తకాల్లో వేసేటప్పుడో ఒక అలవాటు కనిపిస్తుంది. కళాకారుడు నవ్వుతుంటే కష్టాల్లోనూ చెదరని చిరునవ్వు అంటారు, నుదురు ముడిచి ఉంటే ప్రవాస వేదన అంటారు. ఆ రెండు మాటలూ జీవితచరిత్ర ముందే తెలిసినవాళ్లు ఫోటో మీద అతికించినవి. నవ్వమంటే ఎవరైనా నవ్వుతారు, ఎండ కళ్లలో పడితే ఎవరైనా నుదురు ముడుస్తారు. ష్విట్టర్స్ కుటుంబ ఫోటోలలో ప్రవాసాన్ని వెతకాలంటే ముఖాలను వదిలి వేరే చోట చూడాలి. ఆ ఫోటో ఎవరు తీశారు, తీసినప్పుడు ఎవరు అక్కడ లేరు, ఆ కాగితం ఏ దారిన బయటపడింది అన్న ప్రశ్నలకే అది కొంతైనా చిక్కుతుంది.

ష్విట్టర్స్ 1887లో హానోవర్‌లో పుట్టాడు. 1919 నుంచి ట్రాము టిక్కెట్లు, కవర్లు, ప్రకటన ముక్కలు, విరిగిన చెక్కలు పోగేసి, వాటిని అతికించి కొలాజ్‌లు చేశాడు. వాటికి 'మెర్ట్స్' అని తానే పేరు పెట్టాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. అతని కొలాజ్‌లలో చాలావాటికి తేదీ, ఊరు పట్టుకోవడం తేలిక, ఎందుకంటే అతికించిన టిక్కెట్ల మీద, తపాలా ముద్రల మీద, వార్తాపత్రిక ముక్కల మీద అవి అచ్చయి ఉంటాయి. జర్మన్ అక్షరాలు పోయి నార్వేజియన్ అక్షరాలు రావడం, వాటి చోటును ఇంగ్లిష్ మిఠాయి కాగితాలు, బస్సు టిక్కెట్లు ఆక్రమించడం చూస్తే అతని వలస మార్గం మొత్తం కనిపిస్తుంది. చూసినట్టు దించడానికి ఏ మాత్రం ఇష్టపడని కళ తన ఊరూ పేరూ చెబుతోంది. ఉన్నదున్నట్టు చూపించే కుటుంబ ఫోటో మాత్రం వెనక ఎవరూ రాయకపోతే తానెక్కడిదో చెప్పలేదు.

ఈ ఫోటోల కథలో కుర్ట్ కన్నా ముందు చెప్పుకోవలసిన పేరు అతని కొడుకు ఎర్న్‌స్ట్‌ది. 1918లో పుట్టిన ఎర్న్‌స్ట్ కుర్రతనంలోనే కెమెరా పట్టాడు, తర్వాత నార్వేలో అదే వృత్తి అయింది. హానోవర్‌లో నాజీ వ్యతిరేక బృందాలతో ఆ కుటుంబానికి పరిచయాలు ఉండేవి. దగ్గరి మిత్రుడు క్రిస్టోఫ్ స్పెంగెమాన్ 1936లో అరెస్టయ్యాక ప్రమాదం గడప దాకా వచ్చింది. 1936 డిసెంబరు 26న ఎర్న్‌స్ట్ దేశం దాటాడు. వారం తిరిగేసరికి తండ్రీ బయలుదేరాడు. ఓస్లో పక్కనున్న లీసాకర్‌లో ఇద్దరూ స్థిరపడ్డారు. హెల్మా హానోవర్‌లోనే ఉండిపోయింది. ముసలివాళ్లయిన పెద్దలను, కుటుంబానికి ఉన్న అద్దె ఇళ్లను చూసుకునే భారం ఆమె మీద పడింది. వేసవుల్లో నార్వే వచ్చి భర్తనూ కొడుకునూ చూసి వెళ్లేది. 1939 తర్వాత భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు.

ఈ నాలుగు వాక్యాల సమాచారం చేతిలో ఉంటే ఫోటోలు ఒక్కసారిగా వేరుగా కనిపించడం మొదలవుతుంది. లీసాకర్ కాలపు ఫోటోలో హెల్మా ఉందంటే అది వేసవి అయ్యుండాలి, ఆమె తిరిగి వెళ్లేలోపు తీసినదై ఉండాలి. ఆమె లేదంటే మిగిలిన నెలలు. మామూలు కుటుంబంలో ఒక మనిషి ఫోటోలో లేకపోవడానికి నూరు కారణాలుంటాయి: వంటింట్లో ఉండవచ్చు, కెమెరా పట్టుకుని ఉండవచ్చు, ఫోటో అంటే ఇష్టం లేకపోవచ్చు. ఈ కుటుంబంలో ఆ నూరూ పోయి ఒకటే మిగులుతుంది. ఆమె వేరే దేశంలో ఉంది, ఆ దేశాన్ని పాలించేవాళ్లు ఆమె భర్త మీద కక్ష గట్టి ఉన్నారు. అందుకే ఇలాంటి సేకరణల జాబితా రాసేటప్పుడు ఫోటోలో ఉన్నవారి పేర్లతో ఆపడం చాలదు. ఆ రోజుకు మిగతా కుటుంబ సభ్యులు ఏ ఊళ్లో ఉన్నారో పక్కనే నమోదు చేస్తే తర్వాత చూసేవారికి సగం పని తీరుతుంది. చాలా ఆర్కైవ్‌ల జాబితా నమూనాల్లో అలాంటి గడి ఉండదు. ఉన్న వ్యక్తులకు గడి ఉంటుంది, లేని వ్యక్తులకు ఉండదు.

వృత్తి ఫోటోగ్రాఫర్ ఇంట్లో ఉంటే మరో చిక్కు. ఎర్న్‌స్ట్ తీసిన తండ్రి ఫోటోలు కుటుంబ జ్ఞాపకాలా, లేక ఒక ఫోటోగ్రాఫర్ తన కళకు ఎంచుకున్న విషయమా? రెండూ. అతను వెలుగు చూసుకుని, కోణం ఎంచుకుని తీశాడు. తండ్రి పేరు ప్రపంచానికి తెలిసినదని, ఈ ఫోటోలు ఒకరోజు ఇంటి బయటకు వెళ్తాయని అతనికి తెలియకుండా ఉండదు. కాబట్టి వీటిని అమాయకమైన ఇంటి ఫోటోలుగా చదవడం పొరపాటు. ప్రవాసంలో బతికిన మనిషి ఎలా కనిపించాలో కూడా ఆ ఇంట్లో కొంత ఆలోచన జరిగే ఉంటుంది. ఆ మాటకొస్తే అతిశయోక్తి లేని, తేలికైన, సెలవుల నాటి తీరు కూడా కావాలని ఎంచుకున్నదే కావచ్చు.

1937 వేసవిలో ఇదే కుటుంబానికి సంబంధించిన మరో ఫోటో తయారైంది. దాన్ని తీసింది కొడుకు కాదు. జూలైలో మ్యూనిక్‌లో నాజీలు 'దిగజారిన కళ' పేరుతో ఆధునిక చిత్రాలను ఎగతాళి చేసే ప్రదర్శన పెట్టారు. అందులో ఒక గోడను కళా సంప్రదాయాలను ధిక్కరించిన డాడా ఉద్యమానికి కేటాయించారు. ష్విట్టర్స్ కృతులను దాని మీద వంకరగా వేలాడదీశారు. ప్రారంభానికి ముందు హిట్లర్ వచ్చి ఆ గోడ ముందు నిలబడినప్పుడు తీసిన ఫోటో లోకమంతా తిరిగింది. వెక్కిరింతకు గురైన వాటిలో ష్విట్టర్స్ కళకు పేరు తెచ్చిన 1919 నాటి 'మెర్ట్స్ చిత్రం' కూడా ఉంది. డ్రెస్డెన్ నగర మ్యూజియం కొన్న ఆ కృతిని నాజీలు స్వాధీనం చేసుకున్నారు. ఎగతాళి ప్రదర్శనల తర్వాత అది మళ్లీ ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు దాన్ని చూడాలంటే పాత నలుపు తెలుపు ఫోటోలే దిక్కు, వాటిలో అవమానించడానికి తీసినవీ ఉన్నాయి. ఒక ఉద్యమానికి మూలమైన చిత్రానికి దాని శత్రువుల ఫోటోలు కూడా సాక్ష్యంగా నిలవడం కన్నా చేదు వ్యంగ్యం కళాచరిత్రలో వెతికినా దొరకదు. ఆ వేసవిలోనే నార్వేలో కుటుంబ కెమెరా ఒక మామూలు మనిషిని, ముఖం మీద ఎండ పడుతున్న యాభై ఏళ్ల తండ్రిని చూస్తోంది. ఆర్కైవ్‌లో ఈ రెండు రకాల ఫోటోలూ వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూసేదాకా రెండో దాని బరువు తెలియదు.

ఇక హానోవర్ ఇల్లు. వాల్డ్‌హౌజెన్ వీధిలోని 5వ నంబరు ఇంట్లో, 1920ల తొలినాళ్ల నుంచి ష్విట్టర్స్ ఒక వింత నిర్మాణం పెంచుకుంటూ వచ్చాడు. స్తంభాలుగా మొదలై, చెక్కతో పలకలతో గదిని మింగి, పక్క గదుల్లోకి పాకింది. దీన్నే 'మెర్ట్స్‌బౌ' అంటారు. మిత్రులకు ఒక్కో గుహ, ఆ గుహలో ఆ మిత్రుడి నుంచి తెచ్చిన ఏదో వస్తువు: ఒకరి వెంట్రుకల పాయ, ఇంకొకరి పెన్సిల్. దీనికి తొలి రూపమైన స్తంభం ఫోటో ఒకటి మిగిలింది. దాని కొసన పసిబిడ్డ తల ఉంటుంది. కుర్ట్, హెల్మా దంపతుల మొదటి కొడుకు గెర్డ్ 1916లో పుట్టి కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తల ఆ బిడ్డ ముఖం నుంచి తీసిన అచ్చేనని పరిశోధకులు సాధారణంగా చెబుతారు. ఆ ఫోటోను ఎక్కడ పెట్టాలి? కళాకృతి పత్రాల పెట్టెలోనా, కుటుంబ ఫోటోల పెట్టెలోనా? అలవాటుగా మొదటి పెట్టెలోకే వెళ్తుంది. తల్లిదండ్రులకు మాత్రం తమ మొదటి బిడ్డ ముఖం నిలిచి ఉన్న బొమ్మ అది.

1943 అక్టోబరు 8, 9 తేదీల మధ్య రాత్రి హానోవర్ మీద జరిగిన బాంబు దాడిలో ఆ ఇల్లు పోయింది. మెర్ట్స్‌బౌ పోయింది, ఇంట్లో మిగిలిన కుటుంబ వస్తువులూ పోయాయి. అప్పటికి కుర్ట్ ఇంగ్లండ్‌లో ఉన్నాడు. ఏడాది తర్వాత, 1944 అక్టోబరు 29న హెల్మా కాన్సర్‌తో మరణించింది. యుద్ధం మధ్యలో ఆ కబురు భర్తకు ఆలస్యంగా చేరింది.

దేశం విడిచిన కుటుంబాల ఆర్కైవ్‌లకు వర్తించే క్రూరమైన తర్కం ఇక్కడ బయటపడుతుంది. సొంత ఇల్లే పదిలమైన చోటు అని అనుకుంటాం. ఇక్కడ ఇంట్లో భద్రంగా ఉంచినది కాలిపోయింది, దూరాలు తిరిగినది మిగిలింది. హెల్మా వేసవి ప్రయాణాల్లో వెంట తెచ్చిన వస్తువులు, మిత్రులకు పంపిన ఫోటోలు, విదేశీ పత్రికలకు అచ్చుకోసం ఇచ్చిన ప్రతులు, నార్వేలో ఎర్న్‌స్ట్ దగ్గరున్న నెగెటివ్‌లు, ఇలా ఇల్లు దాటినవాటికే బతికే అవకాశం దక్కింది. అంటే ఇప్పుడు పరిశోధకుల చేతికి అందుతున్న ఆల్బమ్‌ను ఆ కుటుంబం ఏరి కూర్చలేదు. తపాలా, సరిహద్దులు, బాంబులు ఏరి వదిలిన మిగులు అది. అందులో బాల్యం తక్కువగా ఉండి నార్వే ఎక్కువగా ఉంటే ష్విట్టర్స్ మనసు నార్వేలోనే ఉండేదని తేల్చేయకూడదు. మిగిలినవాటి లెక్కను ఇష్టాయిష్టాల లెక్కగా తీసుకుంటే తప్పుదారి పడతాం.

మెర్ట్స్‌బౌకు మాత్రం ఫోటోలు రెండో జన్మ ఇచ్చాయి. విల్హెల్మ్ రెడెమాన్ అనే ఫోటోగ్రాఫర్ 1933లో ఆ ప్రధాన గదిని తీశాడు. 1981-83 మధ్య స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ బిసెగర్ ఆ ఫోటోలనుంచి కొలతలు లెక్కగట్టి, ఎర్న్‌స్ట్ జ్ఞాపకాల సాయంతో గదిని నిజమైన పరిమాణంలో మళ్లీ కట్టాడు. ఆ పునర్నిర్మాణం ఇప్పుడు హానోవర్‌లోని ష్ప్రెంగెల్ మ్యూజియంలో ఉంది. సందర్శకులు లోపలికి అడుగు పెట్టవచ్చు. పని గొప్పదే. కానీ ఒక సందేహం తీరదు. ష్విట్టర్స్ ఆ గదిని దేశం విడిచేదాకా మారుస్తూనే ఉన్నాడు, పూర్తి కాకపోవడమే దాని స్వభావం. రెడెమాన్ కెమెరా దాన్ని 1933లో ఆపింది. ఫోటో చట్రం వెలుపల ఉన్న మూలలకు, వెనక గోడలకు ఆధారం కొడుకు జ్ఞాపకమే. 1933లో ఆ కొడుకు వయసు పద్నాలుగు, పదిహేను. తాను పెరిగిన ఇంటిని, తల్లి వెనక ఉండిపోయిన ఇంటిని, అరవై దాటిన వయసులో ఒకరు గుర్తు చేసుకుంటున్నారు. అలాంటి జ్ఞాపకాన్ని కొలతబద్దతో కొలవడం ఎలా? సందర్శకులు ఆ తెల్లని గదిలో చూసేది సగం వాస్తుశిల్పం, సగం కుటుంబ జ్ఞాపకం. మ్యూజియం పలక మీద ఆ రెండో సగానికి ఇంకాస్త చోటు ఇవ్వాల్సింది.

నార్వే కూడా నిలవలేదు. 1940 ఏప్రిల్ 9న జర్మన్ సేన ఆ దేశంలోకి దిగింది. కుర్ట్, ఎర్న్‌స్ట్, ఎర్న్‌స్ట్ భార్య ఉత్తరాదికి పరుగులు తీసి, జూన్‌లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనే, మంచును చీల్చుకుపోయే ఓడలో స్కాట్లాండ్ చేరారు. అక్కడ వాళ్లు శరణార్థులు కారు, శత్రుదేశ పౌరులు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని హచిన్సన్ శిబిరంలో తండ్రినీ కొడుకునూ నిర్బంధించారు. కొడుకు ముందు విడుదలయ్యాడు, తండ్రి 1941 నవంబరు దాకా ఉన్నాడు. శిబిరంలో నిర్బంధితుల చేతిలో కెమెరా ఉండే వీలు లేదు. కుటుంబ ఆల్బమ్‌లో ఇక్కడ పెద్ద గండి పడుతుంది. దాన్ని పూడ్చింది ష్విట్టర్స్ కుంచే. తోటి నిర్బంధితుల ముఖాలను పాత పద్ధతిలో, పోలిక తప్పకుండా, డబ్బు తీసుకుని గీశాడు. కళావిమర్శకులు ఈ చిత్రాలను చాలాకాలం చిన్నచూపు చూశారు, మెర్ట్స్ మనిషి పొట్టకూటి కోసం చేసిన పని అని. ఫోటోల వైపు నుంచి చూస్తే వాటి విలువ మారుతుంది. ఫోటో తీయించుకోలేని చోట, భార్యాబిడ్డలకు దూరంగా ఉన్న మనుషులు తమ ముఖాన్ని నిలుపుకోవడానికి మిగిలిన దారి అది.

మరో చిత్రకారుడు పాల్ క్లేను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మ్యూనిక్‌లోని ఆ డాడా గోడ మీదే అతని చిత్రం 'చిత్తడి నేల గాథ' కూడా వేలాడింది. 1933 ఏప్రిల్‌లో డ్యుసెల్‌డార్ఫ్ అకాడమీ క్లేను పని నుంచి తప్పించింది. ఆ డిసెంబరులో అతను స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు వెళ్లాడు. బెర్న్ పక్కనే పుట్టి, ఆ ఊళ్లోనే పెరిగినా, తండ్రి జర్మన్ కావడంతో క్లే కూడా చట్టం దృష్టిలో జర్మన్ పౌరుడే. పుట్టిన ఊళ్లో పరదేశిగా ఉన్నాడు. స్విస్ పౌరసత్వానికి పెట్టుకున్న దరఖాస్తు తేలకుండానే 1940 జూన్ 29న మరణించాడు. బెర్న్ ఇంట్లో పిల్లి బింబోతో ఉన్న క్లే ఫోటోలు చాలామందికి పరిచయమే. అందులో తన ఊళ్లో, తన ఇంట్లో సుఖంగా ఉన్న పెద్దాయన కనిపిస్తాడు. కాగితం మీద మాత్రం అతనిది అనుమతి మీద బతుకు. ఒంట్లో 1935 నుంచి చర్మాన్ని బిగించే జబ్బు. కొడుకు ఫెలిక్స్ జర్మనీలో ఉండిపోయాడు. ఫెలిక్స్ కూడా, తండ్రి బౌహౌస్ అనే జర్మన్ కళా విద్యాలయంలో ఉన్న రోజుల నుంచే, తండ్రిని ఫోటోలు తీసినవాడు. ష్విట్టర్స్ కథలో కొడుకు వెంట వచ్చి భార్య వెనక ఆగిపోతే, క్లే కథలో భార్య వెంట వచ్చి కొడుకు ఆగిపోయాడు.

క్లే సామాను చట్టబద్ధంగా బెర్న్ చేరింది, కాబట్టి కాగితాలు, చిత్రాలు చెదరలేదు. ప్రమాదం యుద్ధం ముగిశాక వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని జర్మన్ ఆస్తులను అమ్మి మిత్రరాజ్యాలకు వాటా ఇవ్వాలని 1946లో ఒప్పందం కుదిరింది. క్లే భార్య లిలి జర్మన్ పౌరురాలు కనుక భర్త చిత్రాలకు ఆ ముప్పు తగిలింది. 1946 సెప్టెంబరులో, ఆమె మరణానికి కాస్త ముందు, హెర్మన్ రుప్ఫ్, హాన్స్ మేయర్ అనే బెర్న్ వాసులు ఆ వారసత్వాన్ని కొని కాపాడారు. యుద్ధఖైదు నుంచి తిరిగొచ్చిన ఫెలిక్స్ ఆ తర్వాత తన హక్కు కోసం వ్యాజ్యం వేశాడు. 1952లో రాజీ కుదిరింది. 2005లో తెరిచిన పాల్ క్లే కేంద్రంలో ఇప్పుడు చిత్రాలతో పాటు కుటుంబ పత్రాలు, ఫోటోలు కలిసి ఉన్నాయి. చిత్రాలూ కుటుంబ పత్రాలూ మళ్లీ ఒక చోట చేరడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

ష్విట్టర్స్ విషయంలో కలయిక ఇంకో రకంగా జరిగింది. 1945లో ఎర్న్‌స్ట్ నార్వేకు తిరిగి వెళ్లాడు. కుర్ట్ ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోని ఆంబుల్‌సైడ్‌లో, లండన్‌లో పరిచయమైన ఈడిత్ థామస్ తోడుగా స్థిరపడి, ఊరివాళ్ల ముఖాలు, కొండల దృశ్యాలు గీసి అమ్ముకుంటూ బతికాడు. 1947లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఇచ్చిన వెయ్యి డాలర్లతో ఒక పాత కొట్టంలో మరో మెర్ట్స్ నిర్మాణం మొదలుపెట్టాడు. అది ఒక గోడ దగ్గరే ఆగిపోయింది. బ్రిటిష్ పౌరసత్వం మంజూరైనట్టు 1948 జనవరి 7న కబురు వచ్చింది. 8న కెండల్ ఆసుపత్రిలో అతను కన్నుమూశాడు. 1996లో ఎర్న్‌స్ట్ మరణించాక, అతని వారసుల దగ్గరున్న కృతులు, పత్రాలతో 2001లో హానోవర్‌లో కుర్ట్, ఎర్న్‌స్ట్ ష్విట్టర్స్ ఫౌండేషన్ ఏర్పడింది. అంతకు ముందు నుంచే అక్కడ ష్విట్టర్స్ ఆర్కైవ్ ఉంది. తరిమేసిన ఊరే ఇప్పుడు అతని జ్ఞాపకాలకు కాపలా. దీనికి పొగడ్త అవసరం లేదు, నింద కూడా అవసరం లేదు. ఒక్కటి గమనించాలి: కొడుకు ద్వారా వచ్చిన ఆర్కైవ్ సహజంగానే కొడుకు కెమెరా చూసినంత మేర చూస్తుంది. చివరి ఏళ్లలో కుర్ట్ పక్కనున్న ఈడిత్ అందులో అంచుకు జరిగిపోయే ప్రమాదం ఉంది. కుటుంబ ఫోటోల పెట్టె అని పేరు పెట్టినప్పుడు ఆ కుటుంబంలో ఎవరుంటారో కూడా పేరు పెట్టినవాళ్లే నిర్ణయిస్తున్నారు.

పెట్టె తెరిచాక చేసే పని నిజానికి మందకొడిగా సాగుతుంది. ఫోటో ముందు వైపు చూడక ముందే వెనక వైపు చూస్తారు: చేతిరాత, స్టూడియో ముద్ర, కాగితం తయారీదారు గుర్తు, ఆల్బమ్ నుంచి చింపినప్పుడు మిగిలిన నల్ల కాగితపు పేలికలు, జిగురు మరక. వెనకనున్న రాత ఎప్పటిదన్నది పెద్ద ప్రశ్న. ఫోటో తీసిన వారానికే రాసినదా, ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో గుర్తు చేసుకుని రాసినదా అన్నది సిరా, పెన్సిల్, దస్తూరి చెబుతాయి. నెగెటివ్ దొరికితే అదృష్టం. చిన్న కెమెరా ఫిల్మ్‌లో ఫ్రేములు వరసగా ఉంటాయి కాబట్టి, ఒక ఫ్రేము తేదీ తెలిస్తే పక్క ఫ్రేములకూ దారి దొరుకుతుంది. పాత ఆర్కైవ్‌లు నెగెటివ్‌లను ఒక్కో ఫ్రేముగా కత్తిరించి, వ్యక్తుల పేర్ల కింద సర్దిన సందర్భాలు ఉన్నాయి. చక్కగా సర్దామనుకుని ఉన్న ఒకే ఒక్క కాలక్రమాన్ని ముక్కలు చేయడం అంటే ఇదే. ఇప్పుడు వచ్చిన క్రమాన్ని వచ్చినట్టే ఉంచి, అన్వేషణ కోసం వేరే జాబితా రాస్తారు. పాత ఫిల్మ్ రసాయనికంగా కుళ్లుతుంది, నైట్రేట్ ఫిల్మ్ అయితే మండే గుణమూ ఉంది. కాబట్టి చల్లని గదులు, ఫోటోకు హాని చేయని కాగితపు కవర్లు తప్పవు.

చివరికి చట్టం. జర్మన్ కాపీరైట్ కళాకారుడు మరణించిన ఏడాది తర్వాత 70 ఏళ్లు నడుస్తుంది. కుర్ట్ కృతులు 2019 జనవరి నుంచి అందరివీ అయ్యాయి. ఎర్న్‌స్ట్ తీసిన ఫోటోలకు ఆ లెక్కన 2066 చివరిదాకా హక్కులుంటాయి. తండ్రి కొలాజ్‌ను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఆ కొలాజ్ చేస్తున్న తండ్రి ఫోటోకు అనుమతి కావాలి. ఇందులోనూ మెలిక ఉంది. ఫోటో కళాకృతి అయితేనే ఆ గడువు. మామూలు ఫోటోకు జర్మన్ చట్టం 50 ఏళ్లే ఇస్తుంది. వృత్తి ఫోటోగ్రాఫర్ అయిన కొడుకు ఆదివారం మధ్యాహ్నం సరదాగా తీసిన తండ్రి ఫోటో ఏ కోవలోకి వస్తుందో తేల్చాల్సింది న్యాయవాదులు. కళాచరిత్రకారులు తేల్చుకోలేక వదిలేసిన ప్రశ్నే అది.

తల్లి, తండ్రి, కొడుకు ముగ్గురూ కనిపించే ఫోటోలకు ఇంకా కష్టం. టైమర్ వాడి ఉంటే తప్ప, అలాంటి ఫోటో తీసింది ఆ ముగ్గురిలో ఎవరూ కాదు: పొరుగువారో, అతిథో, దారిన పోయే పడవవాడో. వారి పేరు తెలియదు, ఎప్పుడు చనిపోయారో తెలియదు, కాబట్టి హక్కులు ఎప్పుడు ముగుస్తాయో కచ్చితంగా చెప్పడం కష్టం. హక్కుదారు దొరకని కృతుల కోసం యూరోపియన్ యూనియన్ 2012లో తెచ్చిన ఆదేశం పుస్తకాల్లోనో పత్రికల్లోనో చేరిన ఫోటోలను పట్టించుకుంది, విడిగా ఉన్న ఫోటోలను పరిధి నుంచి తప్పించింది. 2019 ఆదేశం మార్కెట్లో దొరకని కృతులకు మరో దారి తెరిచింది. ఆర్కైవ్‌లు హక్కుల సంఘాల నుంచి సామూహిక అనుమతి తీసుకుని, ముందుగా బహిరంగ ప్రకటన ఇచ్చి, అభ్యంతరం వస్తే తొలగించే షరతుతో అలాంటివాటిని ప్రజల ముందు పెట్టవచ్చు.